వల్లకాటి మడిలో పచ్చకొమ్మలు

పంట పండించినందుకు జీతం తీసుకున్నవాళ్ళు మన శాఖలో ఎందరో ఉన్నారు. పంటను దగ్గరుండి చంపినందుకు నెలనెలా సంతకం పెట్టి జీతం తీసుకున్నవాణ్ణి మాత్రం, నాకు తెలిసినంతలో, ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇంటికొచ్చి "సార్, మీ అనుభవం ఒకటి చెప్పండి" అంటే ఏదో ఘనకార్యం వినిపిస్తాననుకుని సర్దుకుని కూర్చుంటారు. ఎండిన చేను చూసి దిగులుపడిన వ్యవసాయోద్యోగులు కోకొల్లలు. పచ్చగా పూసిన చేను చూసి బెదిరిపోయినవాడి మాట వినండి నాయనా, అని మొదలుపెడతాను.

అరవైల మొదట్లో సంగతి. పెనుకొండ నుంచి ఎర్రమంచి వైపు పోయే దారిలో ఒక చిన్న సర్కారు పొలం ఉండేది. ఎర్రమట్టి, గులకరాళ్ళు, వానొస్తే పంట, రాకపోతే ఆకాశం వైపు చూపు. నన్ను అక్కడ కందుల పనికి వేశారు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, పని మీద పిచ్చి మాత్రం బాగా ఉండేది.

ఆ సీమలో కందికి ఒక పాడు జబ్బు ఉంది. ఎండు తెగులు అంటాం. చెట్టు మనిషెత్తు పెరిగి, పసుప్పచ్చగా పూసి, రైతు "అమ్మయ్య, ఈ ఏడు గట్టెక్కినాం" అనుకునే వేళకు ఆకులు వాలిపోతాయి. నాలుగు పొద్దులు తిరిగేసరికి నిలువునా ఎండుతుంది. కాండం చీల్చి చూస్తే లోపల నల్లటి చార కనిపిస్తుంది. దానికి మందు లేదు. రోగం మట్టిలో కాపురం ఉంటుంది. చెట్టు చచ్చినా అది చావదు, వచ్చే ఏడు కంది కోసం కాచుకుని ఉంటుంది. శెనక్కాయ సాళ్ళ మధ్య ఒక కంది సాలు వేసుకుని ఏడాదంతా సంగటిలోకి పప్పు చూసుకునే సంసారాలకు అదెంత దెబ్బో మీరే ఊహించుకోండి.

దీనికి ఉన్న దారి ఒక్కటే. రోగాన్ని తట్టుకుని నిలబడే కందిని వెతికి పట్టుకోవాలి. అది దొరకాలంటే ముందు రోగం బాగా ముదిరిన నేల కావాలి. అందుకని ఊళ్ళల్లో ఎండిపోయిన కంది చెట్లను తెప్పించి, ముక్కలు నరికి, సాళ్ళలో పరిచి మట్టి కప్పేవాళ్ళం. దాని మీద మళ్ళీ కంది విత్తేవాళ్ళం. చచ్చినవాటిని మళ్ళీ అందులోనే పూడ్చేవాళ్ళం. ఆమడగూరు పల్లెల నుంచి, నల్లమాడ మెట్టచేల నుంచి, హిందూపురం సంతలో గోనెల ముందు కూర్చుని బతిమాలి, పిడికెడు పిడికెడు తెచ్చిన రకరకాల కందులన్నీ ఆ మడిలోనే వేశాను. అన్నీ చావాలి, చావనివి నాకు కావాలి. ఇదీ ఉద్యోగం.

కాగితాల్లో దాని పేరు జబ్బు మడి. కూలికొచ్చే ఆడవాళ్ళు దానికి వల్లకాటి మడి అని పేరు పెట్టారు. ఎవరి పేరు నిలిచిందో వేరే చెప్పాలా?

ఆ కూలివాళ్ళకు పెద్ద ఒక అవ్వ. నడుం కొద్దిగా వంగింది గానీ నోరు మాత్రం నిటారుగా ఉండేది. మా కంచె అవతలే ఆమెకు కొంచెం చేను ఉంది. ఆ చుట్టుపక్కల రోగం సోకని మంచి నేలల్లో అదొకటి. అందులో ఆమె కంది ఏటా గుబురుగా పెరిగేది. ఇటు నా మడి ఎండుతుంటే అటు ఆమె చేను పూసేది. పొద్దున్నే పనిలోకి వస్తూ రెండింటినీ మార్చి మార్చి చూసి నిట్టూర్చేది.

"ఏమబ్బా, ఈ ఏడు గూడా ఎత్తిపోయినట్టేనా?"

"పోవాలనే వేసింది అవ్వా."

"పోవాలని ఎవురన్నా ఏస్తారా?"

"మంచిది ఏదో తేలాలంటే తక్కినవి చావాలి గదా. బతికినదాని విత్తనం తీసి మీకే ఇస్తాం."

అవ్వ నన్ను జాలిగా చూసి, పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, నేను వింటున్నానని కూడా లెక్క చేయకుండా అనేది. "సదువుకున్నోడు గదా పాపం, సిగ్గుకు అట్ల అంటాండాడు. సేద్యం చేతగాదని ఒప్పుకుంటే యాడ పోతాది?"

నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మడి గట్టు మీద కూర్చోబెట్టి కాండాలు చీల్చి చూపించాను. అందరూ తలలూపారు. ఆ ఊపుడు నా మాట నమ్మి కాదని, నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేకనని చాలా ఆలస్యంగా తెలిసింది. నాకింద పనిచేసే ఫీల్డుమ్యాన్ మడకశిర వైపు మనిషి, సగం కన్నడం సగం తెలుగు. "ఊరుకోండి సార్, పంటను చంపేదానికి గవర్నమెంటు దుడ్లు ఇస్తుందంటే మా ఇంట్లో మా అమ్మ కూడా నమ్మలేదు" అనేవాడు.

ఇట్లా మూడో పంట పూతకు వచ్చింది. మడి చూడముచ్చటగా చచ్చింది. చూడముచ్చట అని నేనన్నానంటే నా పిచ్చి ఎంత ముదిరిందో చూడండి. ఊళ్ళో దొరికే మామూలు కంది పూర్తిగా మాడిపోయింది. సేకరించినవి కూడా చాలావరకు పోయాయి. ఆ ఎండు కంపల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పచ్చగా నిలబడి పూత పట్టిన చెట్లు కనిపించాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది.

సరిగ్గా అప్పుడే పైనుంచి కబురు. మా పైఅధికారి, మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, ఆయన వస్తున్నారు. పైవాళ్ళకు ఓపిక అయిపోయింది, ఏళ్ళ తరబడి పంట ఎండబెడుతున్నారు, ఏం తేల్చారని గొడవ. పెద్దాయన మడి చూసి రెండు విషయాలు చెప్పాలి. నేలలో రోగం గట్టిగా ఉందా, అందులో నిజంగా తట్టుకున్న చెట్టు ఒక్కటైనా ఉందా. రెండూ ఉంటే పని సాగుతుంది. లేకపోతే మడి దున్నేస్తారు, నన్ను ఇంకెక్కడికో తోలేస్తారు, కూలివాళ్ళను మానిపిస్తారు. నిలబడ్డ చెట్లకు కప్పడానికి పల్చటి గుడ్డ సంచులు అడిగి ఉన్నాను, వాటిని తన జీపులోనే తెస్తానని పెద్దాయన కబురు చేశారు. తేనెటీగలు పక్క చేల పుప్పొడి తెచ్చి కలిపితే విత్తనం కల్తీ అవుతుంది, దానికే ఆ సంచులు.

ఈ కబురు ఫీల్డుమ్యాన్ నోట కూలివాళ్ళకు చేరింది. అవ్వ వచ్చి అడిగింది.

"ఆయప్ప ఈ మడి సూసి నచ్చకపోతే?"

"మూసేస్తారు."

"నిన్ను?"

"నన్నూ పంపించేస్తారు."

అవ్వ నా మడిని, కంచె అవతల తన చేనును ఒకసారి చూసి పనిలోకి పోయింది. మామూలుగా అయితే ఒక్క మాటకు నాలుగు మాటలు చెప్పే మనిషి. ఆ చూపుకు నేను అప్పుడే భయపడి ఉండాల్సింది.

పెద్దాయన జీపులో వచ్చి ధర్మవరంలో రాత్రి బస చేస్తారంటే ముందురోజు మధ్యాహ్నమే రైలెక్కి అక్కడికి పోయాను. ఆయనది కోస్తా. ఎండలో టోపీ, నీడలో కూడా టోపీ. మాట తక్కువ, చూపు ఎక్కువ. పొద్దున్నే బయల్దేరదామంటే, ఇంటావిడ పట్టుచీర తెమ్మన్నదని మగ్గాలు నడిచే వీధికి దారితీశారు. అక్కడ చీర నేసే ఆయన ఒక్కో మడత విప్పుతుంటే, పెద్దాయన అంచును భూతద్దం పెట్టి చూసినంత పనిచేశారు. నేసిన ఆయనకు ఓపిక నశించి "ఏమప్పా, చీర కొంటాండారా, చీరకు రోగం ఉండాదేమో సూస్తాండారా?" అన్నాడు. పెద్దాయన పెదవి కదల్లేదు. నేను మాత్రం అటు తిరిగి నవ్వుకున్నాను. ఇంకో రెండు మూడు గంటలకు నవ్వు అనేది నా మొహాన ఉండదని అప్పటికి తెలియదు.

జీపు పొలం గేటు దాటింది. మొదట ఆడవాళ్ళు కనిపించారు. వరసగా గట్టు మీద నిలబడి ఉన్నారు, పండగనాటి కోకలు కట్టుకుని. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఏమిటీ సంబరం అనుకుంటూ వాళ్ళ వెనక్కు చూశాను.

జబ్బు మడి లేదు.

ఆ చోట నిండు పూతలో ఉన్న కంది చేను ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాలు తప్పకుండా, సందు లేకుండా, పచ్చగా, పసుప్పచ్చగా, పెళ్ళిపందిరిలాగ. దారి తప్పి వేరే పొలానికి వచ్చామేమోనని నిజంగా వెనక్కు తిరిగి గేటు వైపు చూశాను. మా గేటే. మా నూతి గిలకే. నేను రాసి పాతిన కర్రముక్కలే సాళ్ళ మొదట్లో ఉన్నాయి. చచ్చినవి లేచి నిలబడితే ఎవరికైనా ఎట్లా ఉంటుంది?

పెద్దాయన జీపు దిగి చాలాసేపు చూశారు.

"ఇదేనా నీ జబ్బు మడి?"

"అవునండి... కాదండి..."

"మూడేళ్ళు రోగం పెంచానన్నావు. ఇక్కడ ఒక్క చెట్టు చావలేదే?"

నిన్న నా కళ్ళతో చూసిన ఎండు కంపలు ఏమైపోయాయో నాకే తెలియదు. ఫీల్డుమ్యాన్ కోసం వెతికాను. అతను పొద్దున్నే హిందూపురం సంతకు పోయాడట. సంత ఆ రోజు కాదన్న సంగతి అందరికీ తెలుసు.

పెద్దాయన సాళ్ళలోకి దిగారు. నేలమీద వంగి చూశారు. వానాధారపు మడిలో ప్రతి మొక్క మొదట్లోనూ చెంబెడు నీళ్ళు పోసిన తడి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఒక కొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని లాగారు. అలవోకగా వచ్చేసింది. వేరు లేదు. కింద కొడవలితో ఏటవాలుగా నరికిన కొస, ఇంకా తడిగా ఉంది.

ఇంకొకటి లాగారు. అదీ అంతే. మూడోది.

ఆయన ఆ మూడు కొమ్మల్నీ నా చేతుల్లో పెట్టి, గొంతు పెంచకుండా అన్నారు. "బతికిన చెట్లు చూపించమన్నానని, ఎక్కడో కొమ్మలు నరికించి తెచ్చి గుచ్చావన్నమాట. అవీ అతిగా గుచ్చావు. పదో ఇరవయ్యో అయితే నమ్మేవాణ్ణేమో."

దెబ్బ తిన్నవాడికి నొప్పి కొంచెం ఆగి తెలుస్తుంది. ఆ మాట నాకు అట్లాగే తెలిసింది. మన పనిలో ఆస్తి అంటే మాట మీద నమ్మకం ఒక్కటే. ఈ చెట్టు తట్టుకుంది అని నేనంటే, అది నిజమని ఎక్కడో కూర్చున్నవాళ్ళు నమ్మాలి. దొంగ చెట్లు చూపించినవాడని ఒకసారి పేరుపడితే ఇక వాడు పట్టుకున్నది బంగారమైనా ఇత్తడే. చేతిలో ఆ కొమ్మలు పట్టుకుని నిలబడ్డాను.

గట్టు మీద కోకల రంగులు చెదిరాయి. అవ్వ దిగి వచ్చింది.

"ఆయప్పనేమీ అనొద్దండి సామీ. ఆయప్పకు తెలీదు. ఊర్లో గూడా లేడు. నాటింది మేము."

పెద్దాయన తిరిగి చూశారు. "మీరెందుకు నాటారమ్మా?"

"ఎందుకంటే ఏం జెప్పేది? ఈయప్పకు సేద్యం రాదు. ఏటా ఏస్తాడు, ఏటా ఎండబెడతాడు. మంచోడే, నోరు మంచిది, కూలి ఏ పొద్దూ ఎగ్గొట్టలా. మీరొచ్చి ఈ వల్లకాడు సూస్తే ఉద్యోగం ఊడబెరుకుతారంట. ఈయప్ప పోతే మా కూలీ పోతాది. ఒక్క పూట పచ్చగా కనపడితే మీరు సూసుకోని పోతారు, ఆనెంక దేవుడుండాడు అనుకుంటిమి."

"పంట పోయినోడి మొగం నేను ఇంట్లో సూసినా సామీ" అని కొంచెం గొంతు తగ్గించింది. "సేను ఎండిన ఏడు మా ఇంటాయన కోలారు గనులకు పోతానని పోయినాడు. మళ్ళ రాలా. ఈ పిల్లోడు గూడా అట్ల యాడికో పోతాడేమోనని బయమేసింది."

పెద్దాయన టోపీ తీశారు. ఆయన తల చూడటం నాకదే మొదటిసారి. ముందు ఒక వింత శబ్దం వచ్చింది, దగ్గేమో అనుకున్నాను. కాదు, నవ్వు. మడి చావలేదని చెప్పి నన్ను బతికించాలనుకున్నారు, మడి చస్తేనే నేను బతుకుతానన్నది వాళ్ళ బుర్రకు ఎక్కలేదు. ఎట్లా ఎక్కుతుంది? లోకంలో ఎవరికైనా ఎక్కుతుందా? ఆయన నవ్వు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆడవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

అంతలో ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇన్ని కొమ్మలు ఎక్కడివమ్మా?"

అవ్వ కంచె అవతలికి చెయ్యి చూపింది. అందరం అటు నడిచాం. నిన్నటిదాకా గుబురుగా పూసిన చేను, మోకాలెత్తున మోళ్ళు మిగిలి బోసిగా ఉంది. ఏడాది పప్పు. "అవ్వా, నీ చేనంతా నరికేశావా?" అన్నాను.

"మళ్ళ సిగురేస్తాదిలేబ్బా. కంది మొండి జాతి."

ఇంతవరకు చాలదన్నట్టు, అసలు పిడుగు అప్పుడు పడింది. మోళ్ళ మధ్య సాళ్ళన్నీ కొత్తగా తవ్వి కప్పిన మట్టితో మెత్తగా ఉన్నాయి. పెద్దాయనా నేనూ ఒకేసారి చూశాం. ఆయన మెల్లగా అడిగారు. "మడిలో చచ్చిన చెట్లు పీకారు కదా. వాటిని ఏం చేశారు?"

"ఈడనే పూడ్సినాం" అంది అవ్వ, మెచ్చుకుంటారనే ధీమాతో. "మీరొస్తే కనపడగూడదు గదా. పారేస్తే ఎవురన్నా సూస్తారు. ఈయప్ప ఏటా ఎట్ల జేస్తాడో అట్లనే చేసినాం. ముక్కలు నరికి, సాళ్ళలో పరిసి, మన్ను కప్పితిమి. అంత శ్రద్ధగా పూడుస్తాండాడంటే ఆ కంపలో సత్తువ ఉంటాదేమో, నా సేనుకూ పనికొస్తాదని."

నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఒక నేలకు రోగం ఎక్కించడానికి మాకు తెలిసిన పద్ధతిని, మెట్టు తప్పకుండా, ఆమె తన చేతులతో తన చేనులో చేసింది. చుట్టుపక్కల మిగిలిన కొద్ది మంచి నేలల్లో ఒకదానిలో. మా దగ్గర నేర్చుకుని. నా ఉద్యోగం కాపాడటానికి. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏమైంది? ఎందుకేడుస్తాండావు?" అవ్వ నా మొహంలోకి చూసింది. చెప్పాను. ఇన్నేళ్ళుగా చెప్పినదే మళ్ళీ చెప్పాను, ఈసారి నమ్మింది. వెళ్ళి తన మోళ్ళలో ఒకదాన్ని పట్టుకుని నిలబడింది.

పెద్దాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచారు. పార అడిగారు. ఆ తర్వాత మేమంతా, ఆయనతో సహా, ఆ సాళ్ళన్నీ తిరగదోడాం. పూడ్చిన కంపలు, వాటి చుట్టూ ఉన్న మట్టి గంపలకెత్తి జబ్బు మడిలోకి మోశాం. కాళ్ళు కడిగి, పారలు కడిగి, మళ్ళీ మోశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా పట్టుకున్నాం. చీర కొన్న వీధిలో భూతద్దం పెట్టినంత పనిచేసిన మనిషి ఇప్పుడు వేలెడు కంప ముక్క కోసం మట్టిని వేళ్ళతో జల్లిస్తున్నారు.

ఆ పనిలో పడి మడి సంగతి మరిచిపోయాం. ఎండ వాలుతుండగా ఎవరో ఆడమనిషి "అదో సూడండి" అంది. గుచ్చిన కొమ్మలన్నీ తలలు వేలాడేశాయి. చెంబెడు నీళ్ళ బలం ఎంతసేపని? ఆ వాడిన పచ్చదనం మధ్య కొన్ని చెట్లు మాత్రం పొద్దున ఎట్లున్నాయో అట్లాగే నిటారుగా ఉన్నాయి. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పెద్దాయన ఒక్కొక్క దాని దగ్గర ఆగి, మొదలు తడిమి, తలూపి, తనే సంచి తొడిగారు. నా మీద వేసిన నింద గురించి ఒక్క ముక్క అనలేదు. వెళ్ళేటప్పుడు జీపులో కూర్చుని "మడిలో రోగం గట్టిగా ఉందని రాస్తాను. దానికి సాక్ష్యం కావాలంటే పక్క చేను చూడమంటాను" అన్నారు. అది ఎకసెక్కమో బాధో ఆయన మొహం చూసి చెప్పడం కష్టం.

ఫీల్డుమ్యాన్ మర్నాడు ఖాళీ సంచితో సంత నుంచి వచ్చాడు. "నాకు ముందే తెలుసు సార్. చెప్తే అవ్వ నన్ను కూడా పూడ్చిపెడతానంది" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

ఆ మరుసటి ఏడు అవ్వ చేత జొన్న వేయించాను. కంది వేయొద్దని, రోగం ఏమాత్రం అంటుకుందో తెలియదని బతిమాలాను. జొన్నే వేసింది. సంగటిలోకి పప్పు కొనుక్కోవలసిన రోజు వచ్చిందని ఊరంతా వినిపించేలా సణిగింది. ఇటు నేను సంచుల కింద దొరికిన విత్తనాన్ని మళ్ళీ జబ్బు మడిలోనే వేశాను. వాటిలోనూ కొన్ని పోయాయి. నిలిచినవి మాత్రం గట్టిగా నిలిచాయి. ఆ తర్వాతి తొలకరికి పెద్దాయన్ని కలిసి, మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నసుగుతుంటే ఆయనే అన్నారు. "ఒక్క మడిలో నిలిస్తే చాలదయ్యా. రెండో చోట కూడా పరీక్షించాలి. రెండో జబ్బు మడి ఎక్కడుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

విత్తనం పట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను. చేతిలో వేసుకుని ఊదింది. గింజ చిన్నది, నల్లగా, ఏ అందమూ లేనిది. పెదవి విరిచింది. చేనులో సగం అది వేసి, సగం తన పాత కందే వేసింది. "నా ఇత్తనం నన్ను మోసం చేయదు" అంది. నేను కాదనలేదు. కాదనే హక్కు నాకు లేదనిపించింది.

పూత వచ్చే రోజులు నాకు నిద్రలేని రోజులు. రోజూ కంచె దాకా పోయి చూసి వచ్చేవాణ్ణి. అన్నీ పచ్చగా ఉన్నాయి, రోగం రాలేదేమో, ఆ వేళ తవ్వి ఎత్తిన పుణ్యం దక్కిందేమో అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున్నే పోయి చూస్తే సగం చేను తల వాల్చేసింది. వాడుమొహం పట్టింది ఆమె పాత కంది. గీత గీసినట్టు, ఆ గీతకు ఇవతల మా నల్ల గింజ కంది పూసి నిలబడింది. నా ఇన్నేళ్ళ పని నిజమని నేల సంతకం పెట్టిన రోజు అది. అవ్వ నేల పాడైందని తేలిపోయిన రోజు కూడా అదే. అవ్వ ఎండిన సగంలో నిలబడి ఉంది. ఒక చెట్టు పీకి, నేను నేర్పినట్టే కాండం చీల్చి, నల్లచారను చూస్తోంది.

"నా సేనుకు నేనే తెచ్చి పెట్టుకుంటి గదబ్బా" అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. అందుకే నేను ఆ మాటకు తట్టుకోలేకపోయాను.

కోతలయ్యాక ఒకరోజు నాకూ ఫీల్డుమ్యాన్‌కూ కబురు పంపింది. కొత్త కంది పప్పు వండుతున్నాను, తినిపోండి అని. పిల్లలూ, నా ఉద్యోగ జీవితంలో ఏ సభలోనూ అంత గర్వంగా కూర్చోలేదు. రోగాన్ని గెలిచిన గింజ, నేను వెతికి పట్టిన గింజ, మొదటిసారి పొయ్యి ఎక్కింది. సంగటి ముద్దలు చల్లారాయి. ఫీల్డుమ్యాన్ రెండుసార్లు ఆవులించాడు. అవ్వ గరిటెతో తీసి నొక్కి చూడటం, మళ్ళీ కుండలో వేయడం, కట్టె ఎగదోయడం. చివరికి కుండ దించి మా ముందు పెట్టింది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పప్పు పళ్ళకింద కటుక్కుమంది.

ఇన్నేళ్ళు అది చస్తుందా బతుకుతుందా అనే చూశాను. ఉడుకుతుందా లేదా అని ఒక్కరోజు, ఒక్కసారి, ఒక్క గింజ కుండలో వేసి చూడలేదు. నేనే కాదు, మా శాఖ మొత్తంలో ఎవరికీ తట్టలేదు.

"సూసినావా నీ కంది?" అంది అవ్వ. "రోగానికి సావదు, పొయ్యి మీదా సావదు."

ఫీల్డుమ్యాన్ పగలబడి నవ్వాడు. నేను తల దించుకుని అడిగాను. "అయితే వచ్చే ఏడు వేయవా అవ్వా?"

ఆమె కుండను మళ్ళీ పొయ్యి మీద పెట్టి, గోడవార ఉన్న ఎండు కంది కంప విరిచి మంటలోకి తోసింది.

"ఏం మాట్లాడతాండావబ్బా? సేన్లో నిలబడిన దాన్ని, పొయ్యి కాడ మొండికేసిందని ఇడ్సిపెడతామా? ఇత్తనానికి అప్పుడే ఎత్తిపెట్టినా. నువ్వు రొంతసేపు కూసో. ఉడుకుతాది."

కూర్చున్నాం. పొద్దు వాలేదాకా కూర్చున్నాం. ఉడికింది.